చుక్క తగ్గని ఇంజన్

నిజామాబాద్,
జులై 1

మరదలు ఆశాకు,

ప్రభువు కృపవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. కారు కూడా బాగుంది.

కారులో అవ్వను, అవ్వ చేతిలో ఈ ఉత్తరాన్ని పంపుతున్నాను. ఫోను చేస్తే సరిపోతుంది కదా అని మీ అన్నయ్య డేనియల్ నవ్వుతున్నారు. బాపు చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా ఉన్నప్పుడు షిఫ్టు దిగేవాళ్లు యంత్రం సంగతి రాసిపెట్టి పోయేవారట. అవ్వ సగం నెల కూతురినైన నా దగ్గర, సగం నెల కొడుకుతో మీ దగ్గర ఉండాలని, కారు ఆమె వెంటే తిరగాలని చెప్పినప్పుడు మనకూ ఆ పద్ధతే పెట్టాడు. బాపు పోయాడని పద్ధతి పోకూడదు.

ప్లగ్గులు నాలుగూ తీయించి శుభ్రం చేయించాను. ఎయిర్ ఫిల్టర్ కొత్తది. రేడియేటర్‌లో నీళ్లు సరిగ్గా ఉన్నాయి. ఇంజన్ ఆయిల్ అయితే చుక్క తగ్గలేదు. పదిహేనేళ్ల ఇంజన్ ఆయిల్ తాగకపోవడం మన అదృష్టం.

సెప్టెంబరులో రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుందని తమ్ముడికి గుర్తుచేయి. పరీక్షలో నెగ్గితే కారు ఇంకో ఐదేళ్లు తిరుగుతుంది. లేకపోతే తుక్కే. మోకాళ్ల నొప్పితో అవ్వ బస్సు ఎక్కలేకపోతోంది. కారు పోతే ఆమె ఏదో ఒక ఇంట్లోనే ఉండిపోవాలి.

ఎప్పటిలాగే బయలుదేరే ముందు అవ్వ బానెట్ తెరిపించి, ఇంజన్ మీద చెయ్యి పెట్టి ప్రయాణ ప్రార్థన చేసింది. మేమంతా కళ్లు మూసుకున్నాం. ఈసారి ప్రార్థన కొంచెం ఎక్కువసేపే సాగింది.

మీ వదిన,
సువర్ణ

తా.క.: నువ్వు మామిడి తొక్కు పంపిన స్టీలు డబ్బాలో సకినాలు పెట్టాను. అవ్వ పెంపకంలో ఏ గిన్నె కూడా ఖాళీగా తిరిగి పోదని నీకు తెలుసు కదా.

*

బోధన్,
జులై 16

వదినకు,

మీ మరదలు ఆశా నమస్కారాలు. ఇక్కడ పిల్లలు, పొలం, అత్తమ్మ అందరూ క్షేమం. కారు సంగతే కొంచెం రాయాలి.

ఇక్కడ కూడా ఆయిల్ చుక్క తగ్గలేదు. కానీ పొద్దున స్టార్ట్ చేస్తే వెనక గొట్టంలోంచి నీలంగా పొగ వస్తోంది. ఎదురింటి లింగవ్వ బయటికొచ్చి, "ఏం ఆశా, దోమల మందు బండి మీ ఇంటికే అచ్చిందా? మా మోరీల కూడ జర కొట్టమను!" అని అరిచింది.

మీ తమ్ముడు శాంతి కుమార్‌ను అడిగితే, "బావ రెండో గేరుల్నే బండి నడుపుతడు, ఇంజన్ అలసిపోయింది" అంటున్నారు. నేను అనలేదు వదినా, ఆయన అన్న మాట రాశానంతే.

ఈసారి కూడా అత్తమ్మ ప్రార్థన చేసింది. పొగ తగ్గాలని ప్రత్యేకంగా అడిగింది.

మీ మరదలు,
ఆశా

తా.క.: సకినాలు బాగున్నాయి. ఒకదానికి పెట్రోలు వాసన వచ్చింది. అది మీ తమ్ముడే తిన్నారు. తేడా తెలియలేదట.

*

నిజామాబాద్,
ఆగస్టు 1

ఆశాకు,

మేం క్షేమం. మీరూ క్షేమమనే అనుకుంటాను.

మీ అన్నయ్యకు మూడో గేరు, నాలుగో గేరు కూడా తెలుసు. తమ్ముడు కారులో చెరుకు విత్తనం మోపులు మోయించిన సంగతి నాకూ తెలుసు. వెనక సీటు కింద ఆకులు దొరికాయి.

పొగ తగ్గలేదు, పెరిగింది. ఆదివారం చర్చి ముందు ఆపితే తెరిచిన కిటికీల్లోంచి పొగంతా లోపలికి పోయింది. పాస్టరుగారు దగ్గుతూనే ఆమెన్ అన్నారు. మరునాడు మెకానిక్ రామ్‌దాస్ దగ్గరికి తీసుకెళ్లాం. అతను టీ తాగుతూ స్టూలు మీంచే చూసి చెప్పేశాడు: "పిస్టన్ రింగులు పోయినయి అక్కా. ఇంజన్ ఇప్పాలె. ఈ పొగతోని పరీక్షకు పోతే ఆఫీసరు కండ్లు తుడుసుకుంట సంతకం పెడ్తడు, బండి తుక్కుకు పొమ్మని."

ఆయిల్ లేకుండా నడిపితేనే రింగులు అంత త్వరగా అరుగుతాయట. నేను ఎవరినీ అనడం లేదు. మా ఇంట్లో అయితే అలా జరగదు.

ఇంజన్ విప్పడం కన్నా కారు అమ్మేయడమే మేలేమో. అప్పుడు అవ్వ నా దగ్గరే ఉంటుంది. ఇక్కడైతే మోకాళ్ల డాక్టరు దగ్గర.

సువర్ణ

తా.క.: నీ డబ్బా ఈసారి ఖాళీగానే పంపుదామనుకున్నాను. చెయ్యి రాలేదు. అరిసెలు పెట్టాను. కోపం మాత్రం తగ్గలేదు.

*

బోధన్,
ఆగస్టు 16

వదినకు,

నమస్కారం. క్షేమ సమాచారాలు అత్తమ్మ చెబుతుంది.

అత్తమ్మ మీ దగ్గరే ఉంటుందా? ఆమె స్త్రీల సమాజం ఇక్కడ, ఆమె మేకలు ఇక్కడ. మీ ఉత్తరం చదివి వినిపిస్తే ఏమందో తెలుసా? "నన్ను, బండిని కలిపి తూకం ఏస్తరా ఏంది? ఏ కొడుకింట్ల ఉండాల్నో, ఏ బిడ్డింట్ల ఉండాల్నో నేను చెప్త. ముందుగాల బండిని బాగ జేయుండ్రి." ఆ రాత్రి ఆమె అన్నం సరిగ్గా తినలేదు. అదొక్కటే నాకు బాధ.

ఇక ఆయిల్ లేకుండా నడిపామన్న మాట. వదినా, మీరు ఇంత మాట అంటారనుకోలేదు. మామయ్య పోయినప్పటి నుంచి కారు మీ ఇంటికి పంపే ప్రతిసారీ టీ గ్లాసెడు ఆయిల్ నా చేత్తో పోసి పంపుతున్నాను. ఆడబిడ్డ ఇంటికి వట్టి ఇంజన్ పంపే దాన్నా నేను? చెప్పుకోవడం ఎందుకని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. కావాలంటే ఆయిల్ కొలిచే కడ్డీ తీసి చూసుకోండి. పై గీత దాటి నిండుగా ఉంది, జాడీలో తొక్కు మీద నూనె తేలినట్టు!

ఆశా

తా.క.: అరిసెలు గట్టిగా ఉన్నాయి. మీ మనసులాగే అని రాద్దామనుకున్నాను. రాయడం లేదు.

*

నిజామాబాద్,
సెప్టెంబరు 1

నా బంగారు ఆశాకు,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర నిలబడి చదివాను. చదివి గారెలు మాడ్చాను.

మీ ఇంటికి పంపే ప్రతిసారీ నేనూ ఒక టీ గ్లాసెడు పోస్తున్నాను! తమ్ముడి ఇంటికి లోటుతో పంపకూడదని. చెప్పుకోవడం ఎందుకని నేనూ ఊరుకున్నాను. కింది గీతకు దిగకూడదని బాపు చెప్పిందే నాకు గుర్తుంది. పై గీత దేనికుందో నేనెప్పుడూ అడగలేదు. నిండుగా ఉంటే మంచిదే కదా, తొక్కు చెడిపోదు అని నీలాగే అనుకున్నాను.

నా కళ్ల ముందు మూకుడులో నూనె పొంగి, మంట మీద పడి, వంటింటి నిండా పొగ కమ్మింది. గారెలు ఎక్కువ పట్టాలని అంచుదాకా పోసింది నేనే. అప్పుడు తెలిసింది ఆశా. ఇంజన్ తొక్కు జాడీ కాదు. గారెల మూకుడు.

వెంటనే రామ్‌దాస్ దగ్గరికి పోయాను. "తమ్మీ, ఆయిల్ ఎక్కువైతే ఏమైతది?" అని అడిగాను. "ఎక్కువ ఎవలు పోస్తరక్కా?" అన్నాడు. "ఇద్దరం" అన్నాను. అప్పుడు దిగాడు స్టూలు మీంచి. కడ్డీ తీసి చూసి, కింద బోల్టు విప్పితే ఆయిల్ కారుతూనే ఉంది. "అక్కా, ఇంజన్ల పోసిండ్రా, బాయిల పోసిండ్రా?" అన్నాడు. రింగులు బాగానే ఉన్నాయట. ఒక సీలు మార్చి, ప్లగ్గులు తుడిచి, కొత్త ఆయిల్ సరిగ్గా పై గీత దగ్గర ఆపాడు. నందిపేట్ దాకా పోయి వచ్చేసరికి పొగ లేదు.

ఒక్కటే అర్థం కావడం లేదు. నా గ్లాసులు, నీ గ్లాసులు అన్నీ కలిపినా, రామ్‌దాస్ బకెట్లో పడినంత కాదు. తమ్ముడు కూడా పోస్తున్నాడా, అడుగు.

పరీక్ష మీ వంతులోనే వస్తుంది. జాగ్రత్త. అవ్వను నా దగ్గరే ఉంచుకుంటానన్న మాట మరిచిపో.

నీ వదిన,
సువర్ణ

తా.క.: ఆయిల్ డబ్బాను బియ్యం డ్రమ్ము వెనక దాచాను. ఎక్కడ నా చెయ్యి మళ్లీ ఊరుకోదోనని. ఈ డబ్బాలో మాడని గారెలే ఉన్నాయి.

*

బోధన్,
సెప్టెంబరు 16

ప్రేమగల వదినకు,

నెగ్గాం! ఇంకో ఐదేళ్లు!

మీ తమ్ముడు ఏమీ పోయలేదట. "నాకు పెట్రోల్ పొయ్యనీకే పానం పోతది" అన్నారు. మరి పోసిందెవరో ఆర్టీఏ ఆఫీసులో తెలిసింది.

పొగ చూశారు, బ్రేకులు చూశారు, లైట్లు చూశారు. అన్నీ సరే. ఆఫీసరు కడ్డీ తీసి చూసి, "ఆయిల్ ఎప్పుడు మార్చిండ్రు?" అని అడిగాడు. వెనక సీట్లోంచి అత్తమ్మ తల బయట పెట్టింది.

"మార్చుడేంది బిడ్డా? నేను ఎప్పటికప్పుడు పోస్తనే ఉన్న!"

మీ తమ్ముడి చేతిలోంచి తాళాలు కింద పడ్డాయి. "నువ్వు ఎప్పుడు పోసినవే అవ్వా?"

"ప్రార్థన అప్పుడు. మీరందరు కండ్లు మూసుకుంటరు గద."

అత్తమ్మ సంచిలో ఎప్పుడూ మోకాళ్ల నూనె సీసా ఉంటుంది చూడండి, అందులో మోకాళ్ల నూనె లేదు వదినా.

"పోస్తె చెప్పొద్దా?" అన్నారు మీ తమ్ముడు.

"ఏం చెప్పాలె? మీరిద్దరు పొయ్యరు, ఒకలి మీద ఒకలు పెడ్తరు అనుకున్న. ఉత్త ప్రార్థన చేసి ఊకుంటె దేవుడు మాత్రం ఏం చేస్తడు? నా బండి ఆగితే నా బిడ్డను సూడనీకే నన్నెవలు తీస్కపోతరు?"

ఆఫీసరు నవ్వు ఆపుకుంటూ, "ఈసారి కూడ పోసినవా అవ్వా?" అని అడిగాడు.

"లేదు బిడ్డా. సువర్ణ ఇంట్ల అంత దేవులాడిన, డబ్బా దొరకలె."

వదినా, మీ బియ్యం డ్రమ్ముకు నూరు దండాలు. లేకపోతే ఆ పొగకు ఆఫీసరే దోమల్లా పారిపోయేవాడు.

ఇక నుంచి ఆయిల్ పోసే పని ఎవరిదీ కాదు. కడ్డీ చూసే పని మాత్రం అత్తమ్మదే. పై గీత, కింది గీత చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చూసి, చాలా పెద్ద ఉద్యోగంలా తల ఊపింది.

కారు ఖాళీగా పంపనని పట్టుబట్టి డిక్కీ నిండా చెరుకు గడలు, బెల్లం పెట్టించింది. వెనక టైర్లు అణిగిపోయాయి, గాలి చూసుకోండి.

మీ మరదలు,
ఆశా

తా.క.: ఈ రోజు ప్రయాణ ప్రార్థనలో నేను ఒక కన్ను తెరిచే ఉంచాను. ఎదురుగా అత్తమ్మ కూడా ఒక కన్ను తెరిచే ఉంచింది. ఇద్దరం గట్టిగా ఆమెన్ అన్నాం.