రెండో పేజీ

శ్రీవారికి నమస్కారం.

నా చేతిరాత కోడి కెలికినట్టుంటుంది, తప్పులూ ఉంటాయి; విసుక్కోకుండా చదవండి. ఇక్కడ ఒంట్లో అందరికీ కులాసాయే. మీరు వేళకి తింటున్నారనుకుంటాను.

చుక్కమేక ఈనిందా అని అడిగారు. ఈనింది, రెండు పిల్లలు. పోయిన వారం తల్లినీ పిల్లల్నీ కలిపి అమ్మేశాం. పాకలో ఇప్పుడు ముసలి మేక ఒక్కటే ఉంది. మేకలు మేసే బీడు చుట్టూ కరెంటు కంపెనీవాళ్ళు కంచె వేశారు, మేత లేదు. లోపలంతా ఎండతో కరెంటు తీసే పలకలు. ఆ కరెంటు మన ఇళ్ళ మీదుగానే ఎక్కడికో పోతుంది.

ఎండతో కరెంటు తీయడం చెడ్డదని నేననను. కానీ బీడు కోసం కాగితం మీద మా వేలిముద్రలు తీసుకున్న మీటింగులో ఆఫీసరమ్మ, "సుస్థిర అభివృద్ధి అంటే ఇవాళ వాడుకుంటూ రేపటివాళ్ళకి మిగల్చడం. మీరంతా అది నేర్చుకోవాలి" అంది. అత్తమ్మ ఏనాడూ బీడంతా ఒకేసారి మేపలేదు. ఒక నెల తూర్పు వైపు మేపితే పడమర వైపు మేకల్ని మూతి పెట్టనిచ్చేది కాదు. మిగల్చడం వచ్చిన మనిషినే బయట నిలబెట్టి గేటుకి తాళం వేశారు.

ఆ కాగితంలో కంచె మాట ఉందా అని అడిగారు. రెండు ఉత్తరాలుగా దీనికి జవాబు దాటేస్తున్నాను.

మీటింగు రోజు అత్తమ్మ మేకల వెంట వెళ్ళింది. చదువొచ్చినదాన్నని ఆడవాళ్ళు నన్ను ముందుకు తోశారు. మొదటి పేజీ పైకి చదివాను. రెండో పేజీ నిండా చిన్న అక్షరాలు, పెద్ద మాటలు. అంతమందిలో అర్థం కాలేదనడానికి సిగ్గేసింది. "ఇదీ అంతే, అంతా మంచే రాశారు" అనేసి సంతకం పెట్టాను. నన్ను చూసి అందరూ వేలిముద్రలు వేశారు. తర్వాత మనకిచ్చిన నకలు ఇంట్లో కూడబలుక్కుని చదివాను. కంచె సంగతి ఆ పేజీలోనే ఉంది.

సోమవారం ఈ కంచె గొడవ విచారణకి పెద్దాఫీసరు వస్తున్నాడు. "నా కోడలు అక్షరం వదలకుండా చదివింది. కంచె మాటే లేదందులో! వాళ్ళే దొంగలు. దీన్నే నిలబెడతా ఆయన ముందు" అని అత్తమ్మ వీధంతా చెబుతోంది. నావైపు తిరిగి, "ఏమే పిల్లా, ఆ రోజైనా నోరు పెగులుతుందా, లేక నా కొంగు చాటున దాక్కుంటావా?" అని నవ్వుతుంది.

అబద్ధం చెప్పలేనండీ. సోమవారం రెండో పేజీ కూడా పైకే చదువుతాను. అంతకన్నా ముందు ఇంట్లో ఆవిడకి చెప్పాలి. రోజూ నోటిదాకా వచ్చి ఆగిపోతోంది.

మీ గదిలో ఉండే మన ఊరివాళ్ళ అమ్మలు కూడా నా మాట నమ్మే వేలిముద్ర వేశారు. ఈ ఉత్తరం వాళ్ళ కంటపడితే కబురు నాకంటే ముందు అత్తమ్మని చేరుతుంది. చదవగానే కాల్చేయండి. ఆవిడ ఈ మాట నా నోటినుంచే వినాలి.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు