రేకుల కప్పులో నువ్వు వదిలిన చిల్లు

బిడ్డా సరోజా,

నువ్వు చెప్పిన ఏడాది వచ్చింది. గ్రహాలన్నీ సూర్యుడికి ఒకే వైపు చేరాయని రేడియోలో చెప్పారు. లోకం మునుగుతుందని మన వరంగల్‌లో కొందరు మగ్గాలు ఆపేశారు. నేను ఆపలేదు. మనిద్దరం కూర్చొని జంపఖానాలు నేసిన మగ్గమే కదా, నా వైపు నేసి, జరిగి నీ వైపు కూడా నేనే నేస్తున్నాను.

రేకుల కప్పు చిల్లులోంచి సూర్యుడు గుండ్రంగా నేలమీద పడితే, తెల్లకాగితం పెట్టి ఆ బింబంలో సూర్యుడి మచ్చలు వెతికేదానివి. "గ్రహాలు ఒక్క దిక్కు గుంజితే మచ్చలు ఎక్కువైతయంటరమ్మా. నిజమో కాదో ఎవ్వరికీ తెల్వది. ఆ యేడు నేనే చూస్త" అన్నావు. ఆ ఏడు రాకముందే జ్వరంతో పోయావు.

ఈ రోజు మీ బాపు తారు డబ్బా పట్టుకొని నిచ్చెన వేశాడు.

"వానలకు ముందే ఆ చిల్లు మూస్త. నూలు తడుస్తది."

"జరంత ఆగు" అని కాగితం పరిచాను. వెలుతురులో ఒక నల్లచుక్క కనిపించింది. కాగితం జరిపినా అది కదల్లేదు; కాగితానిది కాదు, సూర్యుడిదే. గ్రహాల వల్లనో కాదో నాకేం తెలుసు?

మీ బాపు కూడా వంగి చాలాసేపు చూశాడు. తర్వాత డబ్బాకు మూత పెట్టాడు.

"వానొస్తే పైన గోనెతట్టు కప్పుదాం తియ్యి" అన్నాడు.

రేపు ఎండ పడే వేళకు మళ్లీ పరుస్తాను.

మీ అమ్మ