కట్టని కోడె

తమ్మీ,

ఇసుక లారీల మీద వార్తలు రాసినందుకు నిన్ను లారీతోనే గుద్దించారు. అలాంటి కథతో ఇప్పుడొక రాజకీయ సినిమా వచ్చింది. నీ సంవత్సరికం మరునాడు చెల్లె నన్ను మంథని నుంచి కరీంనగర్ తీసుకుపోయి చూపించింది. హాలు దాటకముందే తప్పులు ఎంచేది నువ్వే కాబట్టి నీకే చెబుతున్నాను.

మొదటి సగం నిజంగా బాగుంది. బెదిరింపు ఫోన్లు, మాట మార్చిన సాక్షులు, అన్నీ మనింట్లో జరిగినట్టే ఉన్నాయి. కానీ సినిమాలోని విలేకరి చనిపోతూ మనలాగా తల్లిని "అవ్వా" అనలేదు, "అమ్మా" అన్నాడు. మన యాసను గూండాలకే మిగిల్చారు. చివరి పది నిమిషాల్లో, చంపించిన రాజకీయ నాయకుడికి శిక్ష పడింది. హాలంతా ఈలలు వేసింది. నిన్ను చంపించినవాడు కూడా బాల్కనీలో లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

నీ కేసులో శిక్ష పడితే వేములవాడ పోయి రాజన్న గుడిలో కోడెదూడను కట్టి మొక్కు తీర్చుకుంటానని నేను మొక్కుకున్నాను. అది చెల్లెకు తెలుసు. బస్టాండులో అన్నది:

"శిక్ష పడ్డది గదక్కా, ఇగ పోయి కోడె కడ్దామా?"

"రాజన్న సిన్మలు చూడడే," అన్నాను.

వేములవాడ బస్సు మా ముందే వచ్చి ఆగింది. మేము మంథని బస్సు ఎక్కాం.

పెద్దక్క