రాట్నానికి డ్రిల్లు

1984 జూలై 3
డాక్టర్ తెగేసి చెప్పాడు – వదిన ఇక రాట్నం తిప్పకూడదు. తిప్పితే కుడి భుజం పైకి లేవదట. అన్న అంతా విన్నాడు. ఇంటికొచ్చి మగ్గం గుంటలో దిగి, "కండెలేవే?" అన్నాడు. వదిన వెళ్లి నూలు కండెలు చుట్టడానికి రాట్నం ముందు కూర్చుంది. ఒళ్లు మండిపోయింది నాకు.

జూలై 4
"నీ కండెలు నువ్వే చుట్టుకోరాదా?" అని అన్నను అడిగాను. "మొగోళ్లు రాట్నం తిప్పుతరా? వాడకట్టంత నవ్వదా? అమ్మ తిప్పలేదా..."
తిప్పింది. ఆఖరికి అన్నం ఎడమచేత్తో తిన్నది. అది మాత్రం గుర్తులేదు దొరగారికి.

జూలై 7
నేను పనిచేసే మోటారు వైండింగ్ షాపులో కాలిపోయిన డ్రిల్లు ఒకటి మూలన పడి ఉంటే వైండింగ్ చుట్టి బతికించాను. తీసుకుపొమ్మన్నాడు ఓనరు. దీన్ని రాట్నం కదురుకు తగిలిస్తే చేత్తో తిప్పే పనే లేదు. కానీ కదురు లావు... డ్రిల్లు నోట్లో పట్టదు. రెంటినీ కలిపే కప్లింగ్ లేత్ మీద చేయించే స్తోమత ఎక్కడిది? వెల్డింగ్ సత్తయ్యతో బోల్టుకు పైపు ముక్క అతికించుకొచ్చాను – బోల్టు డ్రిల్లులోకి, పైపు కదురు మీదికి.

జూలై 8
వంకర అతుకు. కదురు తాగినవాడిలా ఊగుతోంది, నూలు పటపటా తెగుతోంది. "ఇంజనీరొచ్చిండు," అని మగ్గంలోంచి అన్న. సత్తయ్య ఏమో – "నా వెల్డింగ్ సక్కగనే ఉన్నది, నీ కదురే వంకర." ఆడలేక మద్దెల ఓడు.

జూలై 11
పట్టు దొరికింది. సత్తయ్య పారేసిన గ్యాస్ పైపు – బెత్తెడు రబ్బరు ముక్క. ఒక కొస కదురుకు, ఇంకో కొస డ్రిల్లులో బిగించిన బోల్టుకు. రెండు చోట్లా తీగ కట్టు. వంకర ఎంతున్నా రబ్బరే భరిస్తోంది. నూలు తెగలేదు.
వదిన బటన్ నొక్కి, భయపడి వదిలి, మళ్లీ నొక్కింది. "జర మెల్లగ పోదా ఇది?" నవ్వింది. ఎన్నాళ్లయిందో ఆ నవ్వు చూసి.

జూలై 13
వాడకట్టు మగవాళ్లంతా చూడ్డానికి వచ్చారు. అన్న రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టి చూపిస్తున్నాడు. కరెంటు వైరు తగిలించేసరికి అది మగవాళ్ల పనిగా మారిపోయింది! ఒక్కడూ నవ్వలేదు. వదినను ముట్టుకోనివ్వడు – "షాక్ కొడ్తది, నీకు తెల్వది." పోనీలే, ఆమె చేతికి విశ్రాంతి అనుకున్నాను.

జూలై 16
షాపు నుంచి వచ్చేసరికి పెరట్లో వదిన రంగు నూలు పిండుతోంది. బరువైన తడి నూలు కట్టలు, చిలపలు – రెండు చేతులా మెలిపెట్టాలి. ఇన్నాళ్లూ ఆ పనికి కూలి మనిషి వచ్చేది. "ఆమెను బందు పెట్టిన," అన్నాడు అన్న. "మీ వదిన చేతులు ఖాళీయే గద."
నోటికొచ్చిందంతా అన్నాను. వాడు కదల్లేదు – "కోపమెందుకురా, నీ మిషిన్ మంచిగ నడుస్తాంది." వదినేమో భుజం పట్టుకుని, "ఊకో తమ్మీ, ఇంట్ల లొల్లెందుకు..."
నాకు మాత్రం ఆ డ్రిల్లు వాడి నెత్తిన వేయాలనిపించింది.

జూలై 17
పొద్దున్నే రబ్బరు ముక్క పీకి జేబులో వేసుకుని షాపుకు వచ్చేశాను. దారిలో ఎంత హాయి... మట్టెవాడ దాటాక తట్టింది – ఇది లేకపోతే ఇవాళ నూలు పిండేదీ ఆమే, రాట్నం తిప్పేదీ ఆమే. కూలి మనిషిని అన్న ఎలాగూ పిలవడు.
మధ్యాహ్నం దాటింది. తిరిగి ఇంటికి వెళ్లలేదు. ముక్క జేబులోనే ఉంది.