మెత్తబరిచిన మాట

అక్కా, నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. బాబాయి మాత్రం ఆదివారం ఇంటికి వచ్చేస్తున్నాడు. పని పోయింది. పోగొట్టింది నేనే.

తలుపులకు రంగు మొదటి పూత ఆరకముందే రెండోది వేశాడని సూపర్‌వైజరు అందరి ముందూ బాబాయి మీద విరుచుకుపడ్డాడు. నమిలి ఉమ్మేస్తానన్నాడు, తోలు వలిచేస్తానన్నాడు. ఇంగ్లీషులో తిట్టే తీరు అది. మనం ఉతికి ఆరేయడం, దులిపేయడం అంటామే, అలాంటివే. ఏడాదిగా తిట్లు తిని తిని అవన్నీ నాకు కంఠతా వచ్చాయి. ఇదే ఆఖరుసారి చెప్పడం అని కూడా అన్నాడు.

బాబాయికి ఇంగ్లీషు రాదు కదా. "ఏమంటున్నాడ్రా?" అని నన్నడిగాడు. నాకు బ్రష్షు పట్టడం నేర్పిన మనిషి. ఆ మాటలు ఆయన మొహం మీద ఎలా అనను? "కాస్త చూసుకుని వెయ్యమంటున్నాడు, బాబాయ్" అన్నాను.

"ఓస్, అంతేనా!" అని నవ్వాడు. రంగు చేతికి అంటడం లేదు కదా అని మర్నాడూ అలాగే పూశాడు. మధ్యాహ్నానికల్లా పొమ్మన్నారు.

స్టేషనుకు బావను పంపు. అటక మీద పెట్టెలో నా పాత బ్రష్షులున్నాయి, బాబాయికి ఇచ్చెయ్యి. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? పిల్లలకు ముద్దులు. పిన్నికి నమస్కారాలు చెప్పి, ఈ కార్డు చదివి వినిపించు. నాలాగా ఒక్క ముక్క కూడా మెత్తబరచకు.

తమ్ముడు