క్యాసెట్‌లో మిగిలిన గొంతు

12 జూలై 1991, శుక్రవారం. మబేలా, మస్కట్.

నా భార్య సుజాత జవాబు క్యాసెట్ వచ్చింది. సెలవు నుంచి తిరిగొచ్చిన మా ఊరి మల్లయ్య నా ముఖం చూడకుండా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

తప్పు నాదే. పోయిన నెల ఇంటికి మాటలు పంపడానికి ఖాళీ క్యాసెట్ దొరక్క, సైట్‌లో జపాన్ ఇంజనీరు వెళ్ళిపోతూ ఇచ్చినదాని మీదే రికార్డు చేశాను. వాళ్ళ దేశపు గాయని ఒకామె ఒంటరిగా చేసిన మొదటి ఆల్బమట. అందులో వాయిద్యాలు లేవు, మాటలు లేవు. ఆమె ఊపిరి, మూలుగు, మధ్యలో చిన్న నవ్వు, అంతే. ఇదీ పాటేనని ఆయన అంటే నవ్వుకున్నాను. నా మాటలు పదిహేను నిమిషాలకే అయిపోయాయి. మిగిలిన టేపులో ఆమె గొంతు అలాగే ఉండిపోయింది. చెరపాలని తోచలేదు.

మస్కట్ క్యాసెట్ వస్తే మా వాడలో అందరూ కూర్చుని వింటారు.

సుజాత రెండే ముక్కలు మాట్లాడింది. "నీ ముచ్చట అయినంక నీ రూముల మూలిగిన ఆడామె ఎవలు? అత్తమ్మ సుత ఇన్నది."

పాట అని రాస్తే ఎవరు నమ్ముతారు? క్యాసెట్ డబ్బా మీది ఆ గాయని బొమ్మ కూడా ఎప్పుడో పారేశాను.

"ఇంగ ఏం లేదు, బంద్ చెయ్ భాయ్," అన్నాడు పక్క మంచం సలీం. నేను ఆపలేదు. మాట అయ్యాక సుజాత కూడా అక్కడ రికార్డింగు ఆపలేదు. ముందు సుజాత ఊపిరి వినిపించింది. తర్వాత మూలుగు. చాలాసేపటికి, చిన్న నవ్వు.