ఆరు మంచాలు

శుక్రవారం

తప్పు ఎవరిది, సంతకం పెట్టిన చేతిదా, పెట్టించిన నోటిదా? ఏళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఇంట్లో అందరూ మాట్లాడేది తెలుగే అయినా చదివింది తమిళ బళ్ళలో; తెలుగు చదవడం ఇంకెవరికీ రాదు గనుక ఇక్కడ రాసుకుంటున్నాను.

తెల్లవారేసరికి అత్తమ్మ దుప్పటి మీద సున్నం రాలి ఉంది. పోయిన వారం చిటికెడు, ఈ రోజు గుప్పెడు. "ఏందమ్మే, పైన పెండ్లి చేస్తా ఉండారా? నా నెత్తిన అక్షింతలు పడతా ఉండాయి," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మేడ మీద అతిథులకు అద్దెకిచ్చే గదుల లైసెన్సు నా పేరు మీద ఉంది; మా ఆయన పెట్టమన్నచోట సంతకం పెట్టాను. ఆరుగురికి మించి ఉంచకూడదని అందులో రాసి ఉంది. రాత్రి పద్నాలుగు మంది పడుకున్నారు. అడిగితే మా ఆయన, "ఉండేది ఆరు మంచాలే గదా! చాప మీద పండుకునేవాళ్ళని యాడ లెక్కబెడతారు?" అన్నారు. గోడకున్న లైసెన్సు మీద క్యాలెండరు తగిలించిందీ ఆయనే.

రాత్రి పడుకున్నవాళ్ళు వెళ్ళాక కుర్చీ ఎక్కి చూశాను. అత్తమ్మ మంచానికి పైనున్న దూలం గోడలోకి దిగేచోట నా వేలు దూరేంత సందు. చూపిస్తే, "సోమవారం రెడ్డియార్‌పాళయం మేస్త్రిని పిలిపిస్తాలే," అన్నారు ఆయన. రేపు పదహారు మంది వస్తున్నారు.

అత్తమ్మ మంచాన్ని వంటింటి పక్కకు జరిపించాను. "ఈడ గాలే రాదే," అని సణిగింది.

మంచం జరిపానంటే ప్రమాదం నాకు తెలిసినట్టే కదా. మరి పైన పడుకునేవాళ్ళ మాటేమిటి? పొద్దున్నే లైసెన్సు ఆఫీసుకు ఫోన్ చేసి నా పేరు నేనే చెప్పుకోవాలా, సోమవారం దాకా ఊరుకోవాలా? ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.